క్రమశిక్షణ కమిటీని ఎలా పునర్నిర్మించాలి: వృత్తి నియంత్రణ మండళ్ల ముందున్న నాలుగు దారులు

తెలంగాణ వైద్య మండలిలో 25 మంది సభ్యులుంటారు. వారిలో 13 మందిని రాష్ట్రంలో పేరు నమోదు చేసుకున్న వైద్యులే ఓటు వేసి ఎన్నుకుంటారు. 2023 డిసెంబరులో ఆ ఎన్నికలు జరిగాయి. వైద్యుల పట్టీని నిర్వహించేదీ, వృత్తి ప్రమాణాలను అమలు చేసేదీ, రోగి బంధువులు ఒక వైద్యుడి మీద ఫిర్యాదు తెచ్చినప్పుడు విచారణ జరిపి శిక్ష నిర్ణయించేదీ ఇదే మండలి. అంటే నిన్న ఓటరుగా ఉన్న వైద్యుడు రేపు ప్రతివాదిగా వచ్చి, తాను గెలిపించిన సభ్యుడి ఎదుటో, ఓడించాలని చూసిన సభ్యుడి ఎదుటో నిలబడవలసి రావచ్చు. సభ్యులు ఎంత నిజాయతీపరులైనా ఈ అమరికను చూసిన ఫిర్యాదుదారుకు నమ్మకం కుదరదు. ఎన్నికల్లో ఎదుటి వర్గం పక్షాన నిలిచిన వైద్యుడికీ కుదరదు. ఈ రెండో సంగతిని సంస్కరణల గురించి మాట్లాడేవారు తరచుగా మరచిపోతుంటారు.

వైద్య మండలి ఒక ఉదాహరణ మాత్రమే. న్యాయవాదులకు బార్ కౌన్సిల్, చార్టర్డ్ అకౌంటెంట్లకు వారి ఇన్‌స్టిట్యూట్, నర్సులకు, ఫార్మసిస్టులకు, దంతవైద్యులకు వేర్వేరు మండళ్లు ఉన్నాయి. కమిటీల నిర్మాణాన్ని మార్చాలన్న చర్చ వీటన్నిటిలోనూ ఎప్పుడో ఒకప్పుడు తలెత్తుతుంది. అటువంటి చర్చలో పాల్గొనే మండలి సభ్యులకు, వృత్తి సంఘాల బాధ్యులకు, చట్ట సవరణ ముసాయిదా రాసే అధికారులకు, రోగుల పక్షాన మాట్లాడేవారికి పనికి వచ్చేలా, మన దేశంలోనూ బ్రిటన్‌లోనూ ఇప్పటికే అమలుకో చట్టానికో ఎక్కిన నాలుగు నమూనాలను ఇక్కడ పోల్చి చూస్తున్నాను.

జబ్బు ఏదో తేల్చుకోకుండా మందు ఎంచుకోరాదు

మండలి పనితీరు బాగాలేదని అందరూ ఒప్పుకున్న చోట కూడా, బాగాలేనిది ఏమిటని అడిగితే మూడు రకాల జవాబులు వస్తాయి. కొందరు ఆలస్యం అంటారు: ఫిర్యాదు ఇచ్చి ఏళ్లు గడిచినా తొలి విచారణ తేదీ రాదు. కొందరు పక్షపాతం అంటారు: విచారణ త్వరగానే జరిగింది కాని, తోటి వృత్తివారు తోటివారిని కాపాడుకున్నారన్న అనుమానం మిగిలింది. మరికొందరు మండలిని ఒక ముఠా చేజిక్కించుకుందని, కళాశాలల గుర్తింపు నుంచి కమిటీల నియామకం దాకా అంతా ఒకరిద్దరి చేతుల్లో నడుస్తోందని అంటారు. ఈ మూడూ ఒకేచోట ఉండవచ్చు గాని, మూడింటికీ మందు ఒకటి కాదు. ఆలస్యానికి కావలసింది గడువు, గడువు దాటితే ఫలితం, వాటితో పాటు తగినంత సిబ్బంది. పక్షపాతానికి కావలసింది కమిటీలో బయటివారు, విచారణకు తీర్పుకు మధ్య గోడ. చేజిక్కించుకోవడానికి విరుగుడు నియామక పద్ధతిలో, పదవీకాల పరిమితిలో ఉంటుంది. మూడో జబ్బుకు వాడవలసిన మందును మొదటి రెండింటికి వాడితే ఏమవుతుందో చెప్పడానికి మన వైద్య రంగ చరిత్రే చాలు. దానికి తరువాత వస్తాను.

మొదటి దారి: ఎన్నికైన మండలి, దాని సొంత కమిటీలు

ఈ నమూనాకు మన దేశంలో అన్నిటికంటె స్పష్టమైన రూపం 1961 నాటి న్యాయవాదుల చట్టంలో ఉంది. రాష్ట్ర బార్ కౌన్సిల్ క్రమశిక్షణ కమిటీలో ముగ్గురుంటారు. ఇద్దరు కౌన్సిల్ సభ్యులు. మూడో వ్యక్తి కౌన్సిల్ సభ్యుడు కాని, తగిన అనుభవం గల న్యాయవాది. ముగ్గురిలో సీనియర్ అయినవారు అధ్యక్షత వహిస్తారు. ముగ్గురూ న్యాయవాదులే కనుక కక్షిదారుకు కమిటీలో తనవారంటూ ఎవరూ కనిపించరు. ఇది పెద్ద లోపమే.

అయితే ఈ చట్టంలోని రెండు నిబంధనలను తేలికగా తీసిపారేయకూడదు. ఫిర్యాదు అందిన ఏడాదిలోగా రాష్ట్ర కమిటీ విచారణ ముగించకపోతే ఆ వ్యవహారం దానంతట అదే భారత బార్ కౌన్సిల్‌కు బదిలీ అవుతుంది. నిర్ణయం నచ్చని ఎవరైనా, అంటే ఫిర్యాదుదారు సైతం, 60 రోజుల్లోగా భారత బార్ కౌన్సిల్‌కు అప్పీలు చేసుకోవచ్చు. అక్కడి నుంచి నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లవచ్చు. ఆచరణలో ఈ గడువు ఎంత తరచుగా దాటిపోతుందన్నది వేరే మాట. గడువు దాటితే దస్త్రం చేయి మారాలన్న సూత్రం, కక్షిదారుకు అప్పీలు హక్కు ఉండాలన్న సూత్రం మాత్రం ఆ తరువాత వచ్చిన ఎన్నో ఆధునిక చట్టాల్లో కూడా ఇంత సూటిగా కనిపించవు.

చిన్న మండళ్లకు, సభ్యులు తక్కువగా ఉండి ఏడాదికి పట్టుమని పది ఫిర్యాదులు కూడా రాని వృత్తులకు ఈ దారి సరిపోతుంది. ఖర్చు తక్కువ, చట్ట సవరణ అక్కరలేదు. పెద్ద మండళ్లకు మాత్రం దీన్ని సిఫారసు చేయలేను.

రెండో దారి: ఎన్నికలను తీసివేసి, నియమిత కమిషన్‌ను, స్వతంత్ర బోర్డులను పెట్టడం

భారత వైద్య మండలి కథ ఈ దారికి మూలం. 2010 ఏప్రిల్‌లో ఆ మండలి అధ్యక్షుడిని సీబీఐ అరెస్టు చేసింది. మరుసటి నెలలోనే ఆర్డినెన్సు ద్వారా మండలిని రద్దు చేసి, పాలకుల బోర్డును నియమించారు. 2013లో మండలి మళ్లీ ఏర్పడింది. 2016 మార్చిలో పార్లమెంటు స్థాయీ సంఘం దాని పనితీరును తీవ్రంగా తప్పుపట్టింది. ఆ ఏడాది మే నెలలోనే సుప్రీంకోర్టు జస్టిస్ ఆర్.ఎం. లోధా నాయకత్వంలో పర్యవేక్షణ సంఘాన్ని వేసింది. 2018 సెప్టెంబరులో మండలి మరోసారి రద్దయింది. 2019లో జాతీయ వైద్య కమిషన్ చట్టం వచ్చి, 2020 సెప్టెంబరు 25న అమల్లోకి వచ్చింది.

కొత్త చట్టం 33 మంది సభ్యుల కమిషన్‌ను, దాని కింద నాలుగు స్వతంత్ర బోర్డులను ఏర్పరచింది: డిగ్రీ స్థాయి విద్యకు ఒకటి, పీజీ విద్యకు ఒకటి, కళాశాలల మదింపుకు ఒకటి, నైతికత–వైద్యుల నమోదులకు ఒకటి. ప్రతి బోర్డుకు ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు ఉంటారు. అధ్యక్ష పదవులకు పేర్లు సూచించే అన్వేషణ సంఘానికి కేబినెట్ కార్యదర్శి నాయకత్వం వహిస్తారు. కమిషన్ అధ్యక్షుడి పదవీకాలం నాలుగేళ్లు. రెండోసారి నియామకం కుదరదు. చేజిక్కించుకోవడం అన్న జబ్బుకు ఇవి సరైన మందులేనని నా అభిప్రాయం. కళాశాలలకు అనుమతి ఇచ్చే చేయి, వైద్యుల నైతికతను చూసే చేయి వేరుపడటం, ఒకే వ్యక్తి ఏళ్ల తరబడి కుర్చీలో పాతుకుపోయే వీలు లేకపోవడం చిన్న విషయాలు కావు.

ఇక రోగి వైపు నుంచి చూద్దాం. ఫిర్యాదు మొదట వచ్చేది రాష్ట్ర వైద్య మండలికే. అక్కడి కమిటీ ఎలా ఉండాలో ఢిల్లీలో జరిగిన ఈ పునర్నిర్మాణం దాదాపు ముట్టుకోలేదు. అంతకంటె బాధ కలిగించే మార్పు అప్పీలు విషయంలో జరిగింది. 2002 నాటి వృత్తి ప్రవర్తన నిబంధనల ప్రకారం రాష్ట్ర మండలి నిర్ణయం నచ్చని ఏ వ్యక్తి అయినా 60 రోజుల్లో భారత వైద్య మండలికి అప్పీలు చేసుకోవచ్చు. 2019 చట్టంలోని 30వ సెక్షన్ ఆ హక్కును వైద్యుడికి మాత్రమే మాటల్లో రాసింది: రాష్ట్ర మండలి ఉత్తర్వు వల్ల బాధపడ్డ వైద్యుడు నైతికత బోర్డుకు, అక్కడ కాదంటే కమిషన్‌కు వెళ్లవచ్చు. చనిపోయిన రోగి కొడుకుకు ఆ సెక్షన్‌లో చోటు లేదు. అంత పెద్ద నిర్మాణాన్ని కూలదోసి కొత్తది కట్టినవారు, ఫిర్యాదుదారు లోపలికి వచ్చే చిన్న తలుపును మూసేయడం గమనించారో లేదో నాకు తెలియదు గాని, ఆ తలుపు మూతపడటం వల్ల కలిగే నష్టం మాత్రం నిజమైనది. కమిటీ ఎంత పక్షపాతంగా తీర్పు చెప్పినా, నిర్దోషి అని తేలిన వైద్యుడు అప్పీలుకు వెళ్లడు కదా. అంటే చట్టంలోని మాట ప్రకారం తప్పుగా విడిచిపెట్టిన కేసులు ఏ పై కమిటీ కంటా పడవు. పై కమిటీ కంటపడని చోట కింది కమిటీ తన పద్ధతులు దిద్దుకోవలసిన అవసరం కూడా ఉండదు.

మూడో దారి: మండలి ఎన్నికలు అలాగే ఉంచి, కమిటీలో బయటివారికి ఆధిక్యం ఇవ్వడం

చార్టర్డ్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్‌కు 1949 నాటి చట్టం ఉంది. 2006 సవరణ ప్రకారం క్రమశిక్షణ కమిటీలో ఇన్‌స్టిట్యూట్ అధ్యక్షుడో ఉపాధ్యక్షుడో అధ్యక్ష స్థానంలో కూర్చునేవారు. కౌన్సిల్ ఎన్నుకున్న ఇద్దరు సభ్యులు, కేంద్రం నామినేట్ చేసిన ఇద్దరు ప్రముఖులు ఉండేవారు. అంటే ఐదుగురిలో వృత్తివారిది ఆధిక్యం. ఫిర్యాదును మొదట పరిశీలించి, ప్రాథమికంగా తప్పు కనిపిస్తోందా లేదా అని తేల్చే పని కమిటీది కాదు. క్రమశిక్షణ డైరెక్టర్ అనే ప్రత్యేక అధికారిది.

2009 జనవరి 7న హైదరాబాద్‌లో సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు లెక్కల్లో ఏళ్ల తరబడి జరిగిన మోసాన్ని లేఖ రాసి ఒప్పుకున్నాక, ఆడిటర్లను వారి సొంత సంస్థే శిక్షించుకోగలదన్న నమ్మకం దేశమంతటా సడలింది. 2013 కంపెనీల చట్టంలో జాతీయ ఆర్థిక నివేదికల ప్రాధికార సంస్థకు చోటు కల్పించారు. 2018 అక్టోబరులో అది ఏర్పడింది. పెద్ద కంపెనీల ఆడిటర్లు దాని పరిధిలోకి వెళ్లారు. మిగిలిన వృత్తి కోసం 2022లో పార్లమెంటు మరో సవరణ చట్టం చేసింది. దాని ప్రకారం కమిటీ అధ్యక్ష స్థానంలో ఇన్‌స్టిట్యూట్ సభ్యుడు కాని వ్యక్తి ఉండాలి. ఐదుగురిలో ముగ్గురు బయటివారు, ఇద్దరు వృత్తివారు. ఎన్నికైన కౌన్సిల్ అలాగే ఉంది. చట్టంలో ప్రధానంగా మారింది కమిటీ తక్కెడే.

ఈ మూడో దారే మన రాష్ట్ర మండళ్లకు అన్నిటికంటె దగ్గరగా సరిపోతుందని నేను నమ్ముతున్నాను. ఎన్నికల్లో వైద్యులు తమ ప్రతినిధులను ఎన్నుకునే హక్కు పోదు కనుక సంఘాల ప్రతిఘటన తక్కువగా ఉంటుంది. వృత్తి సూక్ష్మాలు తెలిసిన ఇద్దరు కమిటీలో ఉంటారు కనుక, ప్రసవ సమయంలో ఏ నిర్ణయం సబబో ఏది కాదో తెలియని విచారణ బల్ల ముందు నిలబడ్డామన్న భయం వైద్యుడికి ఉండదు. అధ్యక్ష స్థానంలో న్యాయానుభవం గల బయటి వ్యక్తి ఉంటే, కోర్టుల్లో కొట్టివేతకు గురయ్యే తొందరపాటు ఉత్తర్వులూ తగ్గుతాయి.

ఒక జాగ్రత్త చెప్పాలి. బయటివారు అన్న మాటకు అర్థం బయటివారి పేర్ల జాబితా ఎవరు తయారు చేస్తారన్న దానిపై ఆధారపడి ఉంటుంది. మండలే జాబితా ఇస్తే స్నేహితులు వస్తారు. మంత్రి కార్యాలయమే ఇస్తే పార్టీవారు వస్తారు. విశ్రాంత జిల్లా న్యాయమూర్తుల నుంచి, విశ్వవిద్యాలయాల నుంచి, వినియోగదారుల సంఘాల నుంచి బహిరంగ ప్రకటనతో దరఖాస్తులు పిలిచి, ముగ్గురితో కూడిన వేరే ఎంపిక బృందం ద్వారా జాబితా తయారు చేయించడం మేలు. ఆ జాబితా నుంచి ప్రతి కేసుకు వంతుల వారీగా సభ్యులను పిలిస్తే, ఫలానా కేసుకు ఫలానావారిని ఏరి వేశారన్న మాట రాదు.

నాలుగో దారి: విచారణ సంస్థ వేరు, తీర్పు చెప్పే ట్రిబ్యునల్ వేరు

బ్రిటన్‌లోని జనరల్ మెడికల్ కౌన్సిల్‌తో తెలుగు వైద్య కుటుంబాల్లో చాలామందికి పరిచయం ఉంది. అక్కడ పని చేయాలంటే రాయవలసిన ప్లాబ్ పరీక్ష నిర్వహించేది అదే. 1858లో పుట్టిన ఆ కౌన్సిల్‌లో 2003కు ముందు 104 మంది సభ్యులుండేవారు. ఆ ఏడాది 35కు, 2009లో 24కు, 2013లో 12కు తగ్గించారు. ఇప్పుడు ఆరుగురు వైద్యులు, ఆరుగురు వైద్యేతరులు, అందరూ నియమితులే.

2009 నాటి మార్పుల వెనుక బ్రిటన్ సమాజాన్ని కుదిపేసిన ఘటన ఉంది. హెరాల్డ్ షిప్‌మన్ అనే వైద్యుడు 15 మంది రోగులను హత్య చేశాడని 2000 జనవరిలో కోర్టు తేల్చింది. ఆ తరువాత జరిగిన విచారణ ఆ సంఖ్యను 215 దాకా తీసుకెళ్లింది. విచారణకు నాయకత్వం వహించిన న్యాయమూర్తి జానెట్ స్మిత్ 2004 డిసెంబరులో ఇచ్చిన ఐదో నివేదికలో కౌన్సిల్ వైద్యుల ప్రయోజనాల వైపు మొగ్గుతోందని, అభియోగం మోపేవారే తీర్పు చెప్పడం తగదని రాశారు. పూర్తిగా వేరుగా నిలిచే ఒక తీర్పు సంస్థ కోసం 2008లో చట్టం కూడా చేశారు. కాని ప్రభుత్వం మారాక ఆ ఆలోచనను విరమించుకున్నారు. చివరకు 2012 జూన్‌లో కౌన్సిల్ గొడుగు కిందనే, పనిలో మాత్రం దాని జోక్యం లేకుండా, వైద్యుల ట్రిబ్యునల్ సర్వీసు ఏర్పడింది. దాని బల్లల్లో వైద్యులూ వైద్యేతరులూ కలిసి కూర్చుంటారు. పాలకమండలి సభ్యులకు చోటు లేదు.

గోడ కట్టినంత మాత్రాన గొడవలు తీరలేదు. ట్రిబ్యునల్ తీర్పుల మీద కౌన్సిలే కోర్టుకు వెళ్లే హక్కు 2015 చివర్లో వచ్చింది. ఒక బాలుడి మృతి కేసులో శిక్షణలో ఉన్న వైద్యురాలిని ట్రిబ్యునల్ 12 నెలలు సస్పెండ్ చేయగా, అది చాలదని కౌన్సిల్ హైకోర్టుకు వెళ్లి 2018 జనవరిలో ఆమె పేరును పట్టీ నుంచి కొట్టివేయించింది. అదే ఏడాది ఆగస్టులో అప్పీలు కోర్టు ట్రిబ్యునల్ నిర్ణయాన్నే నిలబెట్టింది. వైద్యులకు కౌన్సిల్ మీద కలిగిన ఆగ్రహం చిన్నది కాదు. గోడకు అటూ ఇటూ ఎవరికి ఏ హక్కులుండాలో కూడా ముందే జాగ్రత్తగా రాసుకోవాలన్నది దీని నుంచి నేర్చుకోవలసినది.

ఈ దారికి పూర్తికాలపు సిబ్బంది, నిరంతర నిధులు, ఏడాది పొడవునా కేసులు కావాలి. మన రాష్ట్ర మండళ్లు ఒక్కొక్కటీ ఇంత భారం మోయలేవు. రెండు తెలుగు రాష్ట్రాలు కలిసి వైద్య, దంతవైద్య, నర్సింగ్, ఫార్మసీ వృత్తులన్నిటికీ ఉమ్మడి ట్రిబ్యునల్ పెట్టుకుంటే మోయవచ్చు. కాని అది దీర్ఘకాలపు పని.

ఏది ఎంచుకున్నా విడువరాని నియమం

ఆంధ్రప్రదేశ్‌లో బస్సు మార్గాల జాతీయీకరణ మీద వచ్చిన అభ్యంతరాలను రవాణా శాఖ కార్యదర్శి విన్నారు. నిర్ణయం మాత్రం ముఖ్యమంత్రి తీసుకున్నారు. గుల్లపల్లి నాగేశ్వరరావు కేసుగా న్యాయవిద్యార్థులందరూ చదివే 1959 నాటి తీర్పులో సుప్రీంకోర్టు ఇది సహజ న్యాయానికి విరుద్ధమని చెప్పింది. ఒకరు విని మరొకరు నిర్ణయిస్తే, వినడం ఒట్టి తంతు అవుతుంది. పైగా విన్న కార్యదర్శి, ఆ పథకాన్ని ప్రతిపాదించిన శాఖకే అధిపతి.

ఇది పాత బస్సుల కేసు కదా అని పక్కన పెట్టరాదు. నైతికత కమిటీలోని ఐదుగురు సాక్షులను విని నివేదిక రాస్తే, దాని మీద మండలి సర్వసభ్య సమావేశంలో, ఒక్క సాక్షి ముఖమైనా చూడని ఇరవై మంది చేతులెత్తి ఓటు వేసే ఏ పద్ధతి అయినా ఈ సూత్రం ముందు నిలవడం కష్టం. 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు జాతీయ ఆర్థిక నివేదికల ప్రాధికార సంస్థ జారీ చేసిన షోకాజ్ నోటీసులను కొట్టివేయడానికి కారణం కూడా ఈ కోవదే: ఆడిట్ నాణ్యతను పరిశీలించి తప్పు ఉందని అభిప్రాయపడ్డవారే తిరిగి క్రమశిక్షణ చర్యకు దిగడంలో విభజన లేదని కోర్టు భావించింది. చట్టాన్ని కోర్టు తప్పుపట్టలేదు, పని పంపకాన్ని తప్పుపట్టింది. కనుక నాలుగు దారుల్లో ఏదైనా సరే, పరిశీలించేవారు, అభియోగం రాసేవారు, తీర్పు చెప్పేవారు ముగ్గురూ వేర్వేరుగా ఉండాలి. తీర్పు కమిటీ మాటే ఆ స్థాయిలో తుది మాట కావాలి. సర్వసభ్య సమావేశం ఆమోదముద్ర అన్న అంచెను తీసివేయాలి.

చట్టం మారేదాకా ఏం చేయవచ్చు

1968 నాటి వైద్యుల నమోదు చట్టం మీద నడుస్తున్న మండళ్లలో, సభ్యులు కానివారికి ఓటు హక్కు ఇవ్వాలంటే శాసనసభ సవరణ కావాలి. అది లేకుండా తీర్మానంతో ఓటు ఇస్తే, శిక్ష పడిన మొదటి వైద్యుడే హైకోర్టుకు వెళ్లి మొత్తం ఉత్తర్వును రద్దు చేయించుకోగలడు, నష్టపోయేది ఫిర్యాదుదారే. ఓటు లేని సలహాదారులుగా బయటివారిని కూర్చోబెట్టి, వారి అభిప్రాయాన్ని దస్త్రంలో నమోదు చేయడానికి మాత్రం ఏ సవరణా అక్కరలేదు. ప్రాథమిక పరిశీలనకు ఒక ఉపకమిటీని, విచారణకు వేరొక ఉపకమిటీని పెట్టి, ఒకదానిలో ఉన్న సభ్యుడు రెండోదానిలో ఉండరాదని తీర్మానించవచ్చు. ప్రతివాదితో వ్యాపార, బంధుత్వ, ఎన్నికల సంబంధం ఉన్న సభ్యుడు ముందే రాతపూర్వకంగా చెప్పి తప్పుకోవాలని నియమం పెట్టవచ్చు. ఉత్తర్వులను రోగుల పేర్లు తీసివేసి ప్రచురించవచ్చు. మా కుటుంబంలోని ఒక పెద్దావిడ విషయంలో ఇచ్చిన ఫిర్యాదు ఏ దశలో ఉందో తెలుసుకోవడానికే రెండేళ్లు తిరిగాను. ప్రతి మూడు నెలలకు ఒక ఉత్తరం రావాలన్న చిన్న నియమం ఉన్నా ఆ తిరుగుడులో సగం తప్పేది.

సవరణ రాసేటప్పుడు శాసనసభకు అడగవలసినవి ఈ క్రమంలో అడగాలన్నది నా సూచన. మొదట ఫిర్యాదుదారుకు అప్పీలు హక్కు. పై స్థాయి అప్పీలు పార్లమెంటు చేతిలో ఉంది కనుక, రాష్ట్రంలోనే ఒక పునఃపరిశీలన బల్లను అడగాలి. తరువాత కమిటీలో బయటివారి ఆధిక్యం. ఆపైన గడువు, గడువు దాటితే దస్త్రం ఆ బల్లకు బదిలీ. మండలి సంఖ్యను తగ్గించడం చివరిది. సంఖ్య తగ్గింపు పత్రికల్లో బాగా కనిపిస్తుంది కనుక చాలామంది అక్కడి నుంచే మొదలుపెడతారు, అక్కడే ఆగిపోతారు.

కొత్త కమిటీ పని మొదలుపెట్టే నాటికి పాత కమిటీ దగ్గర సగం విన్న కేసులు ఉంటాయి. వాటిని గురించి సవరణలో ఒక వాక్యమైనా రాయకపోతే, విననివారు తీర్పు చెప్పిన కేసులుగా అవి కోర్టుకు చేరతాయి. సాక్ష్యం పూర్తయిన కేసుల్లో పాత కమిటీయే ఆరు నెలల్లోగా ఉత్తర్వు ఇవ్వాలని, సాక్ష్యం మధ్యలో ఉన్నవాటిని కొత్త కమిటీ మొదటి నుంచి వినాలని, అలా మళ్లీ రావలసిన సాక్షుల ప్రయాణ ఖర్చును మండలే భరించాలని స్పష్టంగా రాయాలి.